డబుల్ గ్లేజ్డ్ అద్దాలు ముందే దిగాయి, కిటికీలు ఇంకా రాలేదు. ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి?

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

అందరికీ నమస్కారం. నాగోల్‌లో జీ ప్లస్ వన్ కట్టుకుంటున్నాం. రోడ్డు వైపు, పడమర వైపు గదులకు మాత్రం డబుల్ గ్లాస్ అనుకున్నాం, మిగతావి మామూలువే. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, 6-12-6 టఫెన్డ్ యూనిట్లు, అంటే వేడి చేసి గట్టిపరిచిన 6 ఎంఎం అద్దాలు రెండు, మధ్యలో 12 ఎంఎం మూసేసిన గాలి సందు. అద్దాలు ఒక షాపులో, కిటికీలు ఇంకో షాపులో ఆర్డరివ్వడంతో చిక్కొచ్చింది. లోపల ప్లాస్టరింగ్ ఇంకా నడుస్తోంది. అద్దాలు మాత్రం ట్రాలీ ఆటోలో దిగిపోయాయి. దించినవాళ్లు డాబా మీద ఇసుక బస్తాలు పరిచి, వాటిపై ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైన తాటిపత్రి కప్పి వెళ్లారు. "టఫెన్డ్ సార్, ఏం కాదు" అని భరోసా కూడా ఇచ్చారు.

పెద్దవి నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు. ఇలాగే ఉంచొచ్చా? ఇంకోటి, రెండు మూడు అద్దాల్లో ఎదురింటి గోడ ప్రతిబింబం వంకరగా కనిపిస్తోంది. డిఫెక్టా?

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

అన్నా, ముందు ఫోన్ పక్కన పెట్టి అవి కిందికి దింపించండి. పడుకోబెట్టుడు ఒక తప్పు, ఎండల పెట్టుడు ఇంకో తప్పు. టఫెన్డ్ అయితే అద్దం గట్టిది, అంచుకున్న జిగురు కాదు కదా.

నీడకు, ఇంటి లోపలికి తెప్పించండి. నిలువుగ పెట్టాలె. మా షాపుల ఇనుప ఏ-స్టాండ్ ఉంటది. మీకు లేకుంటే కార్పెంటర్‌తోని చెక్క స్టాండ్ కొట్టించండి. వెనక్కి వాలుడు కొంచెమే, 5 నుంచి 7 డిగ్రీలు. ఎక్కువ వాలిస్తే ముందువాటి బరువంతా వెనక దాని మీద పడ్తది. అడుగు చెక్క కూడా అదే వాలు మీద ఉండాలె, అంటే అద్దానికి సరిగ్గ మూలమట్టం కుదరాలె. లేకుంటే ఒక అద్దం మాత్రమే కిందికి ఆనుతది, రెండోది గాల్ల ఉంటది. చెక్క మీద రబ్బరు పట్టీ. పెద్ద సైజువి వెనక, చిన్నవి ముందల. మధ్యల కార్క్ ముక్కలు ఉంటే మంచిది, లేకుంటే పొడి అట్ట ముక్కలు. ఇసుక రేణువు ఒక్కటి మధ్యల ఇరికినా గీత పడ్తది, తుడిచి పెట్టించండి.

బరువు చూసుకోండి. అద్దం చదరపు మీటరుకు ప్రతి ఎంఎంకు రెండున్నర కిలోలు. మీవి రెండు 6 ఎంఎంలు, అంటే చదరపు మీటరుకు 30 కిలోలు. నాలుగు బై అయిదుది 55 కిలోలు దాటుతది. ఇద్దరు మనుషులు, చేతులకు గ్లోవ్స్, కాళ్లకు బూట్లు. చెప్పుల మీద మొయ్యనియ్యకండి.

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

థాంక్సన్నా. మనుషుల్ని పిలిపించాను. కింద హాల్లో పెట్టొచ్చా? అక్కడ టైల్స్ కటింగ్ నడుస్తోంది, బాల్కనీ గ్రిల్ వెల్డింగ్ కూడా అక్కడే.

ఇంజనీరమ్మ · విజయవాడ

హాల్లో వద్దండీ. గ్రైండర్ రవ్వలు, వెల్డింగ్ రవ్వలు అద్దానికి తగిలితే చిన్న చిన్న గుంటలుగా అతుక్కుపోతాయి. తుడిస్తే పోవు, గీకితే గీతలు పడతాయి. నేను చూసే సైట్లలో పాడైన అద్దాల్లో సగం పగిలినవి కావు, ఇలా మచ్చలు పడ్డవే. సిమెంటు నీళ్లు కూడా అంతే. ఆ క్షారం అద్దాన్ని తినేస్తుంది, ఎండిందంటే తెల్ల మరక అలాగే ఉండిపోతుంది. టైల్స్ కడగడానికి తెచ్చే యాసిడ్ దగ్గరికే రానివ్వకండి.

ప్లాస్టరింగ్ అయిపోయి, తలుపు వేసుకోగల గది ఒకటి చూడండి. అద్దాల చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగించి ఉంటే విప్పేయండి. లోపల చెమ్మ పట్టి, పేర్చిన అద్దాల మధ్య నీరు నిలిస్తే అక్కడా మరకలు పడతాయి. పైన వదులుగా గుడ్డ కప్పితే చాలు.

రెండు అద్దాలూ కింద ఆనాలని వరంగల్ అన్న ఎందుకన్నారో కొంచెం వివరిస్తాను. రెండు అద్దాల మధ్య అంచు చుట్టూ అల్యూమినియం స్పేసర్ ఉంటుంది. దాని లోపల తేమ పీల్చే గింజలు పోస్తారు. స్పేసర్‌కీ అద్దానికీ మధ్య సన్నటి నల్ల బ్యూటైల్ పట్టీ. తేమను ఆపేది ప్రధానంగా అదే. దాని వెనక, బయటి అంచున పాలీసల్ఫైడో సిలికానో నింపుతారు. అది రెండు అద్దాల్నీ కలిపి పట్టుకుంటుంది. ఒక అద్దమే ఆనితే రెండోదాని బరువు రోజంతా ఈ జిగురును కిందికి లాగుతుంది. బ్యూటైల్ మెత్తటిది, జరుగుతుంది. జరిగిన చోట తేమ దూరుతుంది. గింజలు కొన్నాళ్లు పీల్చుకుంటాయి కాబట్టి బిగించిన రోజున ఏమీ తెలీదు. రెండు మూడు వానాకాలాలు పోయాక లోపల మంచు పట్టినట్టు అవుతుంది. అప్పటికి ఫ్యాబ్రికేటర్ ఫోనెత్తడు.

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

మేడమ్, అందరు గట్ల ఉండరు 😀

ఇంజనీరమ్మ · విజయవాడ

మిమ్మల్ని కాదండీ!

సాగరతీరం · విశాఖపట్నం

ఒక మాట అడగనా? మనకి మంచు కురవదు, గడ్డకట్టే చలీ లేదు. ఈ డబుల్ గ్లాసులు యూరప్ వాళ్ల సరుకు. ఆ డబ్బుతో మంచి కర్టెన్లు, కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ వేసుకుంటే పోదా?

ఇంజనీరమ్మ · విజయవాడ

సన్‌షేడ్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఎండ అద్దానికి తగలకముందే ఆపడాన్ని మించింది లేదు. అయితే పడమటి ఎండ సాయంత్రం కిందికి వాలి వస్తుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు.

లెక్క ఇదీ. యూ వాల్యూ అంటే అద్దం గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, తక్కువుంటే మంచిది. 6 ఎంఎం ఒంటి అద్దానికి అది 5.7 దాకా ఉంటుంది. 6-12-6 మామూలు క్లియర్ అద్దాలైతే 2.8 దగ్గరికి వస్తుంది. అంటే లోపలికీ బయటికీ ఉన్న వేడి తేడా వల్ల దూరే వేడి సగం తగ్గుతుంది. కానీ సూటిగా పడే ఎండను క్లియర్ డబుల్ గ్లాస్ పెద్దగా ఆపదు. దానికి సోలార్ కంట్రోల్, లో-ఈ పూత (వేడిని వెనక్కి తిప్పే, కంటికి కనపడనంత సన్నటి పూత) ఉన్న అద్దం కావాలి. మన ఎండలకి ఆ పూత రెండో ముఖం మీద ఉండాలి, అంటే బయటి అద్దానికి లోపలి వైపు. నాగోల్ గారూ, మీవి క్లియరా, పూత ఉన్నవా?

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

పడమటివాటికి లో-ఈ అని బిల్లులో ఉంది. చూస్తే తేడా తెలీట్లేదు. ఏ వైపు బయటికి పెట్టాలో కూడా రాయలేదు.

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

చీకటి పడ్డంక లైటర్ వెలిగించి అద్దం ముందల పట్టండి. నాలుగు మంటలు కనిపిస్తయి, ఒక్కో అద్దానికి రెండు ముఖాలు, ముఖానికి ఒకటి. అండ్ల మూడు ఒకే రంగుల ఉంటయి, ఒకటి వేరేగ, కొంచెం ఎరుపో ఊదానో ఉంటది. అదే పూత ఉన్న ముఖం. మీరు నిలబడ్డ వైపు నుంచి అది మూడోదైతే, ఆ వైపు ఇంట్లకు రావాలె. రెండోదైతే యూనిట్ తిప్పండి. చూసుకున్నంక అద్దం మీద మార్కర్‌తోని పెద్దగ "బయట" అని రాసి పెట్టుకోండి. బిగించే రోజు పిల్లగాండ్లకు ఇవన్నీ గుర్తుండవు.

బాబాయ్_బోస్టన్ · మసాచుసెట్స్

చర్చ బాగుంది. ఈ అంచు జిగురు సంగతికి మా ఊళ్లో ఒక పెద్ద కథే ఉంది. బోస్టన్‌లో జాన్ హాన్‌కాక్ టవర్ అని 60 అంతస్తుల అద్దాల భవనం. కడుతుండగానే 1973 జనవరి గాలివానకు డబుల్ అద్దాలు పగిలి రోడ్డు మీద పడటం మొదలైంది. పోయినచోటల్లా ప్లైవుడ్ కొట్టుకుంటూ పోయారు. ఊరి జనం దానికి ప్లైవుడ్ ప్యాలెస్ అని పేరు పెట్టారు. ముందు గాలిని అనుమానించారు, భవనం ఊగడాన్ని అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే స్పేసర్‌ను అద్దానికి సీసపు టంకంతో అతికించారు, ఆ అతుకు మరీ బిర్రుగా ఉంది. ఎండకీ గాలికీ అద్దం కదులుతుంటే అతుకు కదల్లేదు. ఆ ఒత్తిడికి అద్దం అంచున పగుళ్లు పుట్టాయి. మొత్తం 10,344 అద్దాలూ తీసేసి ఒంటి టఫెన్డ్ అద్దాలు వేశారు. ఒక్కో అద్దం దాదాపు 500 పౌండ్లు.

ఇప్పుడు మెత్తటి బ్యూటైల్, సిలికాన్ వాడుతున్నారు. యూనిట్ కదలాలి, చుట్టూ దానికి చోటుండాలి. ఫ్రేములో బిగదీసి ఇరికించేవాళ్లని చూస్తే నాకు హాన్‌కాకే గుర్తొస్తుంది.

సాగరతీరం · విశాఖపట్నం

ఇది తెలీదు బాబాయ్ గారూ. బీచ్ రోడ్డులో అద్దాల బిల్డింగుల కింద కారు పెట్టడం మానేస్తా ఇంక.

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

అద్దాలన్నీ కింది బెడ్రూంలోకి దింపించాం. స్టాండ్ తయారవుతోంది. వంకర ప్రతిబింబాల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంజనీరమ్మ · విజయవాడ

మధ్యలో ఉన్నది మూసేసిన గాలి. ఏ ఊళ్లో సీల్ చేస్తే ఆ ఊరి ఒత్తిడి లోపల ఉండిపోతుంది. చిప్స్ ప్యాకెట్ అరకు ఘాటెక్కితే ఉబ్బినట్టు, చెన్నైలో సముద్రమట్టం దగ్గర సీల్ చేసింది హైదరాబాద్ ఎత్తుకి, అంటే 500 మీటర్ల పైకి వచ్చేసరికి కొంచెం ఉబ్బుతుంది. మీవి ఎక్కడ చేశారో తెలీదు గానీ, డాబా ఎండ చేసే పని ఇంతకన్నా పెద్దది. 20 డిగ్రీల దగ్గర సీల్ చేసిన గాలి 50 డిగ్రీలకి చేరితే పదో వంతు పెరగాలని చూస్తుంది. నీడలో ఒక రాత్రి ఉంచి పొద్దున్నే మళ్లీ చూడండి. ప్రతిబింబం చక్కబడితే డిఫెక్ట్ కాదు. టఫెనింగ్‌లో రోలర్ల వల్ల వచ్చే చిన్న అలలు వేరే, అవి పోవు, కొంతవరకు ఒప్పుకోవాల్సిందే. మధ్యలో రెండు అద్దాలూ దాదాపు తగిలి ఇంద్రధనుస్సు రంగుల గుండ్రాలు కనిపిస్తే మాత్రం తిప్పి పంపండి.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. పెద్ద అద్దం కన్నా చిన్న అద్దానికే ఈ ఒత్తిడి ఎక్కువ కష్టం. పెద్దది వంగి సర్దుకుంటుంది. బాత్రూం వెంటిలేటర్‌కి పెట్టే అడుగు వెడల్పు ముక్క వంగదు, భారమంతా అంచు సీల్ మీద పడుతుంది. చిన్నదే కదా అని ఎండలో వదిలేసేదీ దాన్నే. ఊటీ లాంటి చోట్లకు పంపాల్సి వస్తే ముందే చెప్పి చేయించుకోవాలి. సన్నటి గొట్టం పెట్టి గాలి సర్దుకునే ఏర్పాటు చేస్తారు. అలాంటి యూనిట్లో ఆర్గాన్ (వేడి ఇంకా తక్కువ దాటాలని కొందరు గాలి బదులు నింపే వాయువు) నిలవదు.

మోడరేటర్

ఇద్దరు సభ్యులు ఫోన్ నంబర్లు, షాపుల పేర్లు పెట్టారు, తీసేశాం. అమ్మకాలకు వేరే విభాగం ఉంది.

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

పొద్దున చూశాను మేడమ్, ఒకటి తప్ప అన్నీ చక్కబడ్డాయి. ఆ ఒక్కదానికి మూల దగ్గర చిన్న పెచ్చు కూడా ఊడింది, వేలి గోరంత. వాడొచ్చా?

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

వద్దన్నా. టఫెన్డ్ అద్దానికి ప్రాణం అంచుల, మూలల్ల ఉంటది. మధ్యల సుత్తితో కొట్టినా ఓర్చుకుంటది, మూలకు రాయి తగిలితే పొడి పొడి అయితది. పెచ్చు ఊడినది ఇవాళ నిలబడొచ్చు, రేపు ఎండకు ఎప్పుడన్నా పగులుతది. టఫెనింగ్ అయినంక కోసుడు, అరగదీసుడు కుదరదు. కొత్తది చేయించుడే. దించేటప్పుడు మూల మీద నిలబెట్టి తిప్పిన్రేమో, గ్రానైట్ మీద తిప్పితే గిట్లనే అయితది.

సక్షన్ కప్పులు వాడ్తే ముందు అద్దం తుడవాలె. దుమ్ముంటే కప్పు పట్టదు. పట్టినా అది ముందటి అద్దాన్నే పట్టుకుంటది, వెనకది జిగురు మీద వేలాడ్తది. అందుకే కింద చెయ్యి ఉండాల్సిందే.

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

షాపువాడితో మాట్లాడుతున్నా, "మీ సైట్లో ఊడింది" అంటున్నాడు. చూద్దాం. ఫ్రేములు బిగించారు, షట్టర్లు (కిటికీ రెక్కలు) వచ్చాయి. అద్దాలెక్కించేటప్పుడు పక్కన నిలబడి ఏం చూడాలో చెప్పండి.

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

అద్దం పెట్టకముందే షట్టర్ అడుగు గాడిల ఒక మగ్గు నీళ్లు పోయించండి. బయటి వైపు రంధ్రాలకెల్లి నీళ్లు బయటికి రావాలె. రాకుంటే రంధ్రం పడలేదు, లేదంటే సిమెంటు, ప్లాస్టిక్ పొట్టు అడ్డం పడ్డది. ఇది చూడకుంట అద్దం ఎక్కిస్తే యూనిట్ అడుగు అంచు వానకాలమంత నీళ్లల్ల నానుతది. డబుల్ గ్లాస్ ఖరాబయ్యేది ఎక్కువ దీనితోనే. వాన లోపలికి వస్తున్నదని ఆ రంధ్రాలకు సిలికాన్ పెట్టి మూసే మహానుభావులు ఉన్నరు. జాగ్రత్త.

ఇగ ప్యాకింగ్. అద్దం ఎప్పుడూ ప్లాస్టిక్ మీద నేరుగ కూసోవద్దు, ప్యాకింగ్ ముక్కల మీద కూసోవాలె. కదలని ఫిక్స్‌డ్ కిటికీకి అడుగున రెండు ముక్కలు, వెడల్పుల పావు వంతు దగ్గర. మీది నాలుగడుగులైతే ఒక్కో చివర నుంచి అడుగు లోపలికి. ముక్క వెడల్పు యూనిట్ మందం కన్న తక్కువ ఉండొద్దు. మీది 24 ఎంఎం, ముక్క 20 ఉంటే ఇంటి లోపలి అద్దమో బయటి అద్దమో గాల్ల ఉంటది. స్లైడింగ్‌కు రోలర్ల మీద పెడ్తం. తెరిచే షట్టర్ అయితే, కింది కబ్జా (కీలు) దగ్గర ఒకటి, దానికి ఎదురు మూల, పైన హ్యాండిల్ వైపు ఒకటి టైట్‌గ. గట్ల అద్దమే షట్టర్‌ను మూలకు మూలకు పట్టి నిలబెడ్తది. అది చెయ్యకుంటే కొన్ని నెలలకు హ్యాండిల్ వైపు జారి ఫ్రేమ్‌కు రాసుకుంటది. అప్పుడు కబ్జా మార్చమంటరు, తప్పు కబ్జాది కాదు.

చుట్టూ కనీసం 3 నుంచి 5 ఎంఎం సందు ఉండాలె. అద్దాన్ని పట్టి ఉంచే బీడింగు పట్టీలల్ల చిన్నవి ముందు, పొడవువి తర్వాత. నైలాన్ సుత్తి, అద్దం వైపు కాదు, గాడి వైపు దెబ్బ. రబ్బరు గ్యాస్కెట్ గుంజి పెట్టొద్దు. గుంజితే ఎండకు వెనక్కి పోయి మూలల్ల సందు పడ్తది. కొంచెం ఎక్కువ పొడవు కోసి నొక్కి పెట్టాలె.

పాతబస్తీ_గ్లాస్ · హైదరాబాద్

ఇన్ని రూల్సు సైట్లో నడవవు బ్రదర్. నేను ఏళ్ల నుంచి చేస్తున్నా. చెక్క ముక్కలు పెట్టి, చుట్టూ మామూలు జీపీ (జనరల్ పర్పస్) సిలికాన్ కొట్టేస్తాం. ఒక్క కంప్లైంట్ లేదు.

ఇంజనీరమ్మ · విజయవాడ

ఒంటి అద్దానికైతే నడుస్తుంది. మామూలు జీపీ సిలికాన్ చాలావరకు అసిటిక్ రకం, కొట్టగానే వెనిగర్ వాసనొస్తుంది. ఆ ఆమ్లం యూనిట్ అంచు సీల్‌కి తగిలితే దాన్ని పాడు చేస్తుంది. డబుల్ గ్లాస్ దగ్గరికి వచ్చేసరికి న్యూట్రల్ రకమే. ట్యూబు మీద రాసి ఉంటుంది, వాసన చూసినా తెలుస్తుంది. మెత్తటి చెక్క నానితే కుళ్లుతుంది, కుంగుతుంది, దాని బదులు గట్టి ప్లాస్టిక్ ప్యాకర్లే మేలు. కంప్లైంట్ రాలేదంటే కస్టమర్ ఇంకొకరికి ఫోన్ చేశాడేమో కూడా చూసుకోవాలి.

పాతబస్తీ_గ్లాస్ · హైదరాబాద్

న్యూట్రల్ ట్యూబుకి రేటు ఎవరిస్తారు మేడమ్, కస్టమర్ ఇస్తే అదే కొడతాం. చెక్క ముక్కల మాట ఒప్పుకుంటా.

గోదారి_టేకు · రాజమహేంద్రవరం

మాది టేకు కిటికీలండీ, యూపీవీసీ మాకు నచ్చదు. పాత కిటికీలకే డబుల్ గ్లాస్ వేయించుకోవచ్చా? మా వడ్రంగి లప్పం పెట్టి కూర్చోబెట్టేస్తానంటున్నాడు.

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

లప్పం అస్సలు వద్దు సార్. అండ్లున్న నూనె సీల్‌ను మెత్తవరుస్తది. పాత కిటికీల గాడి లోతు అర అంగుళం కూడ ఉండదు, మీకు యూనిట్‌కే దాదాపు అంగుళం కావాలె, పైన బీడింగు. చెక్క చాలినంత మందముంటే గాడి పెద్దగ కొట్టించి, అడుగు నుంచి నీళ్లు పోయే దారి పెట్టించి, ప్యాకర్ల మీద కూసోబెట్టి, చెక్క బీడింగు వెయ్యాలె. షట్టర్ బరువు రెండింతలైతది, కబ్జాలు మార్చాల్సిందే.

సాగరతీరం · విశాఖపట్నం

మరి చప్పుడు సంగతి? రోడ్డు మీద హారన్లు ఆగుతాయా లేదా, చాలామంది కొనేది దానికే.

ఇంజనీరమ్మ · విజయవాడ

అమ్మేవాళ్లు చెప్పినంత ఉండదు. రెండూ 6 ఎంఎంలే అయితే రెండూ ఒకే తీరున కంపిస్తాయి. లారీ ఇంజన్ లాంటి బొంగురు చప్పుడు బాగానే లోపలికి వస్తుంది. ఒకటి లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన అద్దం), ఇంకోటి వేరే మందం తీసుకుంటే తేడా తెలుస్తుంది. అంతకన్నా ముందు కిటికీ రకం చూడండి. స్లైడింగ్‌లో బ్రష్ పట్టీల సందుల్లోంచే చప్పుడు వచ్చేస్తుంది, దానికి ఎంత మంచి అద్దం వేసినా లాభం లేదు. తలుపులా తెరుచుకుని, బిగుసుకుని మూసుకునే కేస్‌మెంట్ షట్టరైతేనే ఆ ఖర్చుకి అర్థం.

బెజవాడ_భవ్య · విజయవాడ

మా ఫ్లాట్‌లో డబుల్ గ్లాస్‌కి పొద్దున్నే తేమ పడుతోంది. పాడైపోయినట్టేనా?

ఇంజనీరమ్మ · విజయవాడ

వేలితో తుడిచి చూడండి. బయటి ముఖం మీద తుడిస్తే పోతే, ఏసీ చల్లదనానికి బయటి ఉక్క పట్టింది, మన ఊళ్లో వానాకాలంలో మామూలే. గది లోపలి ముఖం మీదైతే గదిలో తేమ ఎక్కువ. రెండు వైపులా తుడిచినా పోకపోతే మధ్యలో పట్టింది, సీల్ పోయినట్టే. రంధ్రం చేసి ఆరబెడతామని వచ్చేవాళ్లుంటారు. మరకలు కొంత తగ్గొచ్చు గానీ సీల్ తిరిగి రాదు. కిటికీ మొత్తం మార్చక్కర్లేదు, బీడింగు తీసి యూనిట్ ఒక్కటే మార్చాలి.

నాగోల్_కొత్తిల్లు · హైదరాబాద్

ఆ ఒక్కటి తప్ప అన్నీ ఎక్కాయి. మగ్గు నీళ్లు పోయిస్తే రెండు షట్టర్లలో బొట్టు కూడా బయటికి రాలేదు. డ్రిల్లింగ్ పొట్టు చుట్టలు చుట్టుకుని ఇరుక్కుంది, పుల్లతో లాగాం. ఫిట్టర్ మొదట విసుక్కున్నాడు గానీ తర్వాత మిగతావాటికి తనే మగ్గు తెచ్చుకున్నాడు. పెచ్చు ఊడిన యూనిట్‌కి షాపువాడు సగం రేటు అడుగుతున్నాడు, బేరం నడుస్తోంది. అప్పటిదాకా ఆ కిటికీకి ప్లైవుడ్ కొట్టించాం బాబాయ్ గారూ.

బాబాయ్_బోస్టన్ · మసాచుసెట్స్

😄 మిగతావాటి మీద కంపెనీ స్టిక్కర్లుంటే తీసెయ్యి నాయనా, ఎండకి జిగురు ముదిరిందంటే బ్లేడు పెట్టాల్సొస్తుంది. మూలన చెక్కిన టఫెన్డ్ ముద్ర మాత్రం ఫొటో తీసి బిల్లుతో పాటు దాచుకో.

వరంగల్_ఫ్యాబ్రికేటర్ · హన్మకొండ

కొత్తది ఆర్డరిచ్చేటప్పుడు కొలత పాత అద్దంకెల్లి కాదు, షట్టర్ గాడికెల్లి తీస్కోమనండి. లో-ఈ ఏ ముఖం మీదనో బిల్లుల రాయించండి.